బతికున్న లస్మవ్వకు కట్టిన ఫ్లెక్సీ

మా సంస్థలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అప్పుడప్పుడు చాయ్‌కి పిలుస్తారు. పిలిచింది చాయ్ కోసం కాదని నాకు తెలుసు. రెండో గుక్క దిగేలోపు ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, ప్రచార వ్యూహం అంటే ఏమిటి సర్, మీ కాలంలో ఎలా చేసేవారు అని. అడిగి ల్యాప్‌టాప్ తెరుస్తారు. ఆ మూత తెరుచుకోగానే నాకు చెప్పాలన్న కోరిక సగం చచ్చిపోతుంది. మూసేయండి నాయనా, ముందు వినండి అంటాను. మూయరు. అందుకే ఈ కాగితాలు.

నేను మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ వైపు పల్లెలో పుట్టినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం మా ఇళ్లలో ఎవరూ గొప్పగా అనుకోరు. ఆ పనికి నాందేడ్‌లో నెలనెలా జీతమిస్తారని తెలిసినప్పుడు మా నాయన నమ్మలేదు. "మాట్లాడుడు గూడ ఒక కొలువేనా?" అని నవ్విండు. అవును, అదే నా కొలువు. ఒక ఊరికి రోడ్డో రేషనో డాక్టరో కావాలంటే, ఆ ఊరి గోడు అధికారుల దాకా, పత్రికల దాకా, ఎన్నికలొస్తే అభ్యర్థుల దాకా చేర్చడం. ఎవరికి ముందు చెప్పాలి, ఏ మాట ముందు పెట్టాలి, ఏది కడుపులో దాచుకోవాలి. మిగతాదంతా మీరు ట్రైనింగుల్లో నేర్చుకున్నదే, దాన్ని నేను మళ్లీ చెప్పను.

తాయి

నాకు పని నేర్పింది సుమన్ తాయి. తాయి అంటే మరాఠీలో అక్క. సంస్థకు పెద్ద ఆమే, కానీ మేడమ్ అంటే కళ్లెర్రజేసేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి. నా మొదటి కరపత్రం ఆమె చదివింది. నన్ను రైల్వే స్టేషన్ బయటికి తీసుకుపోయి, ఒక ఆటోవాలా ముందు నిలబెట్టి, గట్టిగా చదివి వినిపించమంది. నేను చదువుతున్నాను. రెండో పేరా మధ్యలో ఆయన ఇంజిన్ స్టార్ట్ చేశాడు. తాయి నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఆ వాక్యం దగ్గర గోటితో గీత గీసి, నీ కరపత్రం ఇక్కడికే అయిపోయింది మాధవ్‌రావ్, కింద ఉన్నది నీ ముచ్చట కోసం రాసుకున్నావు అంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను రాసిన ప్రతి ముక్కకూ ఆటోవాలాలే పరీక్షాధికారులు. వాళ్లలో కొందరికి నేను కనబడగానే గిరాకీ ఉన్నట్టు నటించే అలవాటైంది.

తాయి నోటితో మెచ్చుకోవడం నేను ఎరగను. పని బాగుంటే మధ్యాహ్నం తన డబ్బాలోని ఠేచా, అంటే పచ్చిమిరపకాయల పచ్చడి, నా వైపు జరిపేది. అంతే. ఆ పచ్చడి తిన్న రోజు నాకు కళ్లలో నీళ్లు వచ్చేవి. కారానికే అని ఆమెకు చెప్పేవాణ్ణి. మా ఇద్దరికీ తెలుసు.

ఎన్నికల్లో ఒక అభ్యర్థి మా సభకు వస్తానని కబురు పెట్టాడు. నేను ఎగిరి గంతేశాను. తాయి మాత్రం, రమ్మను, కానీ కుర్చీ మనం వేయం, జనంలో కూర్చుని వినిపొమ్మను అంది. ఆయన రాలేదు. ఆయన మీద ఓడిపోయినవాడు మాత్రం ఫలితాలొచ్చాక వచ్చి, చాపమీద కూర్చుని, అందరూ చెప్పింది విని పోయాడు. గెలిచినవాళ్లకంటే ఓడినవాళ్లకు తీరిక ఎక్కువ, వినే ఓపికా ఎక్కువ. వాళ్లతో స్నేహం మానకండి. అయిదేళ్లు ఎంతలో తిరిగొస్తాయి?

నివేదన్ ఇచ్చి ఫోటో దిగడం

మన దగ్గర ఒక జబ్బుంది. వినతిపత్రాన్ని ఇక్కడ నివేదన్ అంటారు. పదిమంది వెళ్లి నివేదన్ ఇస్తారు. ఇస్తూ అందరూ కెమెరా వైపు చూస్తారు. తీసుకునే అధికారీ అటే చూస్తాడు. కాగితాన్ని మాత్రం ఎవరూ చూడరు. మర్నాడు తాలూకా పేజీలో ఫోటో వస్తుంది, దాన్ని అందరం ఒకరికొకరు పంపుకుంటాం, పని అయిపోయిందనుకుంటాం. నేనూ సంతోషంగానే అందులో తలదూర్చేవాణ్ణి, కాదనను. కానీ ఫోటో పడితే ఊరి పని అయినట్టు కాదు. ఆ మాట మీరు చేరిన మొదటి నెలలోనే తెలుసుకుంటే మీ వయసు మిగులుతుంది.

ఇప్పుడు లస్మవ్వ సంగతి చెబుతాను. నా మొత్తం ఉద్యోగంలో ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

ఒక్క ముఖం, ఒక్క మాట

ధర్మాబాద్ తాలూకాలో, బాబ్లీ దాటి లోపలికి పోతే, ఒక వాగు అవతల చిన్న వాడ ఉంది. పేరు చెప్పను, అక్కడివాళ్లు నన్ను తిడతారు. అంతా కూలి చేసుకునే తెలుగు కుటుంబాలు. వానాకాలం గోదావరి నిండిందంటే వాగు వెనక్కి తన్ని, వాడకు దారి తెగిపోతుంది. అప్పుడు పెద్ద థర్మకోల్ ముక్కలు కట్టిన తెప్పే వాళ్లకు బస్సు.

లస్మవ్వ ఆ వాడ మనిషి. భర్త పోయాడు, ఒక్క కొడుకు, కోడలు అనసూయ. అంతకుముందు వానాకాలం అనసూయకు నొప్పులొస్తే, వాగు తగ్గేదాకా గట్టుమీదే మంచం వేసి కూర్చోవలసి వచ్చింది. బిడ్డ దక్కలేదు. మళ్లీ ఇప్పుడు కడుపుతో ఉంది, నెలలు నిండేది సరిగ్గా వానల్లోనే. మేము వాగుమీద వంతెన కావాలని, అది కట్టేలోపు ఈ వానాకాలానికి ఇవతలి గట్టున అంబులెన్సు ఉంచాలని ప్రచారం మొదలుపెట్టాం.

అప్పుడు మాకు పుణె నుంచి ఒక సలహాదారు వచ్చింది. చురుకైన పిల్ల, మంచి పిల్ల. ఎండలో మాతోపాటు తిరిగింది, మా శనగపిండి పిఠ్లా, జొన్నరొట్టె భాకర్ అడిగి తింది. ఆమె చెప్పిన సూత్రం కూడా తప్పేం కాదు. ఊరి గణాంకాలు ఎవరికీ పట్టవు, ఒక్క ముఖం పెట్టండి, ఒక్క మాట రాయండి, రంగులొద్దు, నలుపు తెలుపులో అయితే గౌరవంగా ఉంటుంది అంది. మేమందరం తలలూపాం. తాయి కూడా ఊపింది.

నేను పోయి లస్మవ్వను అడిగాను. వంతెనను ఆమె పూల్ అంటుంది.

"నా మొకం పెడితె పూల్ అస్తదా సారు?"

"రావచ్చు అవ్వా. ఖచ్చితంగ చెప్పలేను."

"అయితె పెట్టున్రి. నా కోడలు మల్ల వాగు గడ్డ మీద పండద్దు."

నేను తీసిన ఫోటోల్లో అంత మంచిది లేదు. నెరిసిన జుట్టు, సూటిగా చూసే కళ్లు, పెదవి మీద పెదవి. ధర్మాబాద్ బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. పైన నలుపు తెలుపులో లస్మవ్వ, కింద పేరు, అడుగున చిన్న అక్షరాల్లో వంతెన సంగతి. దూరం నుంచి చూసి నేనే మురిసిపోయాను. ఆ రోజు ఠేచా డబ్బా మొత్తం నాదే.

మనవైపు ఫ్లెక్సీమీద ఎవరి ముఖం ఉంటుంది? నాయకుడి పుట్టినరోజైతే నాయకుడిది. రంగురంగుల్లో, పక్కన గుంపుగా అభిమానుల తలకాయలతో. మరి ఒక పేదరాలి ముఖం, ఒంటరిగా, నలుపు తెలుపులో ఎప్పుడు వస్తుంది? శ్రద్ధాంజలికే. చిన్నప్పటినుంచి ఈ చౌరస్తాల్లోనే తిరిగిన మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. పుణె పిల్లకు తెలియదంటే అర్థముంది. మాకేమైంది? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగాం. చూసేవాళ్లు ఏమనుకుంటారు?

వాగు గట్టున

ఫ్లెక్సీ కట్టిన కొద్దిరోజులకే వానలు పడి వాగు నిండింది. ఆ పొద్దున నేను తెప్పమీద వాడకు పోయాను, ఆడవాళ్లతో మీటింగు ఉంటే. లస్మవ్వకు ఫోన్లో ఫ్లెక్సీ ఫోటో చూపించాను. "అబ్బో, సర్‌పంచ్ లెక్క ఉన్న గదా" అని నవ్వుకుంది.

అప్పుడు అవతలి గట్టునుంచి ఏడుపులు వినిపించాయి.

చూస్తే ఒక టెంపో ఆగి ఉంది. ఆడవాళ్లు దిగి గుండెలు బాదుకుంటున్నారు. ముందు ఒక పెద్దమనిషి, తెల్ల పంచె, చేతిలో కొత్త చీర మడత. నీళ్లు చూసి దిగలేక, గట్టుమీదే కూలబడి, "అక్కా... ఓ అక్కా... నేను రాకముందే పోతివా" అని రాగం తీస్తున్నాడు. ఎవరో పోయారనుకుని నేను అలవాటు కొద్దీ ఫోనెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాను. వాగు దాటలేక శవం దగ్గరికి రాలేని చుట్టాలు. మా ప్రచారానికి అంతకంటే ఏం కావాలి? ఈ ఉద్యోగం మనిషి చేతిని అలా తయారు చేస్తుంది.

నా పక్కన లస్మవ్వ నిలబడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"మా తమ్ముడు గదా" అంది నెమ్మదిగా. "భూమన్న."

భూమన్నది తెలంగాణ వైపు ఊరు. లస్మవ్వ కొడుకు పెళ్లిలో మేనమామకు ముందుగా పెట్టవలసిన బట్టలు వరుస తప్పి ఇంకెవరికో పెట్టారట. ఆయన తిండి ముట్టకుండా లేచిపోయాడు. అప్పటినుంచి రాకపోకల్లేవు, పలకరింపుల్లేవు. బావ పోయినప్పుడు కూడా ఊరి పొలిమేర దాకా వచ్చి వెనక్కి పోయాడట. మిరపకాయలు అమ్మడానికి ధర్మాబాద్ వచ్చి, బస్టాండు దగ్గర అక్క ముఖం చూశాడు. కింద అక్షరాలు ఎవరు చదువుతారు? ఆడది చనిపోతే తల్లిగారింటి చీర కప్పాలి. మిరపకాయలు అక్కడే వదిలేసి, చీర కొని, ఉన్న చుట్టాలందరినీ ఎక్కించుకుని వచ్చాడు.

లస్మవ్వ నీళ్ల అంచు దాకా నడిచింది. ఆమె గొంతు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

"తమ్మీ! ఎవల కోసం ఏడుస్తున్నవ్‌రా? నేను ఈడ్నే ఉన్న!"

అవతల ఏడుపు ఒక్కసారిగా ఆగింది. భూమన్న లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. పక్కనున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక ఏం చేయాలో తెలియక, మళ్లీ ఏడ్చారు. ఈసారి రాగం లేదు.

ఆయన్ను తెప్పమీద ఇటు తెచ్చారు. చీర తడవకుండా నెత్తిన పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చివరకు లస్మవ్వే చెయ్యి చాపి, "తెచ్చినవ్ గదా, ఇయ్యి. బతికుండంగనే కట్టుకుంట" అంది. ఆయన ఆ చీర ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. అపశకునమని పక్కనున్న ముసలమ్మలు గొణిగారు. లస్మవ్వ వాళ్లను కసిరి, చీర చంకలో పెట్టుకుని, తమ్ముణ్ణి తిండికి తీసుకుపోయింది.

నేను అప్పటిదాకా ఫోను దించలేదు.

ఫోన్లో ఉన్నది

నాందేడ్ చేరేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. టెంపో డ్రైవరు ఎవరికో చెప్పాడు. ఇద్దరు విలేకరులు ఫోన్ చేశారు, వీడియో ఉందటగా అని. పుణె పిల్లకు చూపిస్తే ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత, సర్, ఇది పెడితే వారంలో మంత్రి దాకా పోతుంది, వంతెన వచ్చేసినట్టే అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. వ్యూహం ప్రకారం ఆమె చెప్పిందే సరి. మరుసటి వారమే పెద్ద అధికారితో మా సమావేశం. అనసూయకు నెలలు దగ్గరపడుతున్నాయి.

నేను పెట్టేద్దామన్నాను. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఇప్పటికీ ఆ వాదనలో బలముందనే అనుకుంటాను. ఒక ముసలాయన ఏడుపు నలుగురు చూస్తే ఏం పోయింది, ఒక పసిబిడ్డ దక్కుతుంటే? తాయి వీడియో మళ్లీ చూసింది. మాధవ్‌రావ్, ఫ్లెక్సీకి నువ్వు ఆమెను అడిగావు, దీనికి అడిగావా అంది. లేదన్నాను. అయితే ఇద్దరం పోదాం పద అని సంచి భుజాన వేసుకుంది.

లస్మవ్వ ఆ కొత్త చీరలోనే ఉంది. మేము వచ్చిన పని చెప్పాం. వీడియో వస్తే వంతెన పని తొందరగా అవుతుందని, అది నిజమేనని కూడా చెప్పాం. తాయి మరాఠీలో అంటుంటే నేను తెలుగులో అన్నాను. ఆమె అంతా విని, కోడలు వైపు ఒకసారి చూసి, మాతో నెమ్మదిగా మాట్లాడింది.

"నా మొకం నేనిచ్చిన. ఇంక పది కట్టుకోన్రి, నాకేం ఫికర్ లేదు. గని ఆ ఏడుపు నాది సారు. నేను సచ్చినంక రావాల్సింది జర ముందుగాల అచ్చింది, చెవులార ఇన్న. ఎందరికుంటది ఆ నసీబు? దాన్ని ఊరందరికి ఎట్ల పంచుత?"

మరి అనసూయ సంగతి అని నేనే అడిగాను. లోపలినుంచి జవాబు భూమన్న చెప్పాడు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడని మాకు తెలియదు. "పిల్లను నేను తోల్కపోత. మా ఇల్లు సడక్ మీద్నే ఉన్నది, దవాఖాన దగ్గర. కానుపయ్యేదాక అక్క గూడ ఆడ్నే ఉంటది. గిదంత ముందు జెయ్యాల్సింది, నా కోపం అడ్డమచ్చింది."

తిరిగి వచ్చేటప్పుడు తెప్పమీద తాయి నవ్వుకుంటోంది. అధికారికని కట్టిన ఫ్లెక్సీ చదవవలసినవాడికి చేరింది, మనకే తెలియలేదు అంది. నేను నవ్వలేదు. చేతిలో ఉన్న అంత మంచి వీడియో వదులుకున్నందుకు నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

వంతెన సంగతి

సమావేశానికి వీడియో లేకుండానే పోయాం. లస్మవ్వ మాట్లాడింది, వాడ ఆడవాళ్లు మాట్లాడారు. అంబులెన్సు వానాకాలమంతా గట్టున ఉంచడానికి ఒప్పుకున్నారు. వంతెనకు వానలయ్యాక సర్వే అన్నారు. ఆ తర్వాత మోర్చాలు, తిరగడాలు, నివేదన్‌లు, ఇంకో రెండు వానాకాలాలు. చివరికి వంతెన వచ్చింది. ఎత్తు చాలదు, కానీ ఉంది.

వీడియో పెట్టి ఉంటే ముందే వచ్చేదా? వచ్చేదే అనుకుంటాను. ఆ రెండు వానల్లో వాడలో ఎవరికైనా ఏదైనా అయి ఉంటే ఈ ముచ్చట నేను ఇంత ఇష్టంగా రాసేవాణ్ణి కాను. అదృష్టం మావైపు ఉంది. కాబట్టి మేమే గొప్ప పని చేశామని మీకు చెప్పను. మీ చేతికి అలాంటి వీడియో వచ్చినప్పుడు పుణె పిల్ల వాదన పూర్తిగా వినండి, ఆమె కూడా ఆ బిడ్డ కోసమే వాదించింది. విన్నాక పోయి అడగండి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. కాదంటే మీకు ఒళ్లు మండుతుంది. మండనివ్వండి. అది జీతంలో భాగమే.

భూమన్న ఇంట్లో

ఆ మొదటి వానాకాలంలోనే అనసూయకు ఆడపిల్ల పుట్టింది, దవాఖానలో, ఏ ఇబ్బందీ లేకుండా. వాగు అప్పటికి నిండుగా ఉంది. కబురందగానే నేను భూమన్న ఊరికి పోయాను. తాయి తన డబ్బా, చిన్నపిల్ల టోపీ ఇచ్చి పంపింది.

లస్మవ్వ లోపల పిల్లకు నీళ్లు పోస్తోంది. పిల్ల ఏడుపుకంటే ఆమె మాటలే ఎక్కువ వినిపిస్తున్నాయి. భూమన్న నాకు మంచం వాల్చి, చాయ్ ఇప్పించి, కాసేపు మిరపకాయల ధర గురించి మాట్లాడాడు. ఆయన అసలు మాట ఇది కాదని తెలుస్తూనే ఉంది. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ వీడియో ఇంక ఉన్నదా సారు మీ తాన?"

ఉందని, ఎవరికీ ఇవ్వలేదని, ఆయన కళ్లముందే తీసేస్తానని చెప్పాను. ఫోను బయటికి తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. జర సూపియ్యున్రి."

పెట్టాను. తన ఏడుపు వస్తున్నంతసేపు ఆయన తెరవైపు చూడలేదు, గోడవైపు తిరిగి మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. వీడియోలో లస్మవ్వ కేక రాగానే ఇటు తిరిగాడు. అది అయిపోయింది.

"గా ఏడుపు ఇడిసిపెట్టున్రి సారు. అక్క ఒర్లిన కాడికెల్లి మల్ల పెట్టున్రి."

అక్కడినుంచి పెట్టాను. ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. ఎవల కోసం ఏడుస్తున్నవ్‌రా, నేను ఈడ్నే ఉన్న. అయిపోతే మళ్లీ నా చేతికిచ్చాడు, నేను మళ్లీ పెట్టాను. అలా ఎన్నిసార్లు పెట్టానో.

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. లస్మవ్వకు తన గొంతు తనకే వినబడినట్టుంది.

"ఏంది తమ్మీ? నేను ఇంట్లనే ఉన్న గదా, ఫోన్ల ఏం ఇంటున్నవ్?"

భూమన్న ఫోను చెవి దగ్గరనుంచి తీయలేదు.

"ఉండక్కా," అన్నాడు, "ఇననియ్యి."